200డి 2తో పిట్టల ఫొటోలు: 60 వేలలో 400 ప్రైమా, 150-600 జూమా?

మడఅడవి:

అందరికీ నమస్కారం. నా దగ్గర కెనాన్ 200డి మార్క్ 2, దాంతో వచ్చిన 18-55, 55-250 ఎస్‌టీఎం లెన్సులు ఉన్నాయి. ఉండేది కాకినాడ. సెలవులకి కోరంగి మడ అడవులు, చలికాలంలో ఆటపాక, ఉప్పలపాడు, ఏడాదికోసారి పులికాట్. తీసేవన్నీ పిట్టలే.

ఇబ్బందులు మూడు. కోరంగిలో కొమ్మ మీద కూర్చున్న లకుముకిని క్రాప్ చేస్తే ఈకలు కనిపించవు, ముద్దలా ఉంటుంది. ఎగిరే గూడబాతులు పదింటిలో ఒకటి కూడా షార్ప్‌గా రావడం లేదు. పులికాట్‌లో రాజహంసలు నీళ్లలో కరిగిపోయినట్టు వస్తాయి.

సెట్టింగులు: ఏవీ మోడ్ (ఎపర్చర్ నేను పెడతాను, షట్టర్ వేగం కెమెరా చూసుకుంటుంది), ఎఫ్ 5.6 (ఎపర్చర్, అంటే లెన్స్ రంధ్రం; అంకె పెరిగితే వెలుగు తగ్గుతుంది), ఐఎస్‌ఓ (వెలుగుకి సెన్సర్ స్పందన) 400 ఫిక్స్, వన్ షాట్ ఫోకస్, ఫోకస్ పాయింట్లు తొమ్మిదీ ఆటోలో. లెన్స్ ముందు 58 ఎంఎం యూవీ ఫిల్టర్ ఎప్పుడూ ఉంటుంది.

బడ్జెట్ 60 వేలు, సెకండ్ హ్యాండ్ అయినా పర్వాలేదు. చూస్తున్నవి: కెనాన్ 400 ఎఫ్ 5.6 ఎల్ (ప్రైమ్, అంటే జూమ్ లేనిది), పాత 100-400 ఎల్, సిగ్మా 150-600 కాంటెంపరరీ, 70-300 ఐఎస్ 2. ఆర్‌ఎఫ్ 100-400 తేలికగా ఉంటుందని, ఉన్న 55-250కే టెలికన్వర్టర్ (లెన్స్‌కీ బాడీకీ మధ్య పెట్టే, బొమ్మని పెద్దది చేసే గాజు) తగిలించమని కూడా కొందరు చెప్పారు. ట్రైపాడ్ కూడా కొనాలా?

పాతగాజు:

ముందు కొనకూడనివి తీసేద్దాం. ఆర్‌ఎఫ్ లెన్స్ మీ బాడీకి ఎక్కదు. ఆర్‌ఎఫ్ మౌంట్ (లెన్స్ బిగించే చోటు) మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాలది, దాన్ని డీఎస్‌ఎల్‌ఆర్‌కి తగిలించే అడాప్టర్ లేదు. ఈఎఫ్ లెన్స్‌ని మిర్రర్‌లెస్‌కి పెట్టే అడాప్టర్ ఉంది, అది వేరే దారి. ఆఫర్‌లో ఉందని ఆర్‌ఎఫ్ కొనేసి, ఇంటికి తెచ్చాక తిప్పి తిప్పి చూసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

టెలికన్వర్టర్ కూడా వద్దు. కెనాన్ కన్వర్టర్‌కి ముందు గాజు బయటికి పొడుచుకొని ఉంటుంది, 55-250 వెనక దానికి చోటు లేదు. వేరే కంపెనీది ఎక్కినా 1.4ఎక్స్‌తో ఎఫ్ 5.6 కాస్తా ఎఫ్ 8 అవుతుంది. మీ వ్యూఫైండర్ ఆటోఫోకస్ ఎఫ్ 5.6 వరకే నమ్మకంగా పనిచేస్తుంది.

70-300 మంచి లెన్సే, కానీ 250 నుంచి 300కి వెళ్లడానికి అంత డబ్బు దేనికి? పిట్ట ఐదోవంతు పెద్దదవుతుంది, అంతే.

ఇప్పుడు మీ సెట్టింగులు. మడ అడవిలో పొద్దున నీడలో ఎఫ్ 5.6, ఐఎస్‌ఓ 400 పెడితే షట్టర్ 1/125 దగ్గర పడుతుంది. స్టెబిలైజర్ మీ చేతి వణుకుని ఆపుతుంది, లకుముకి తల తిప్పడాన్ని ఆపదు. ఆ ముద్దలో సగం లెన్స్ తప్పు కాదు. ఎం మోడ్‌లో (ఎపర్చర్, షట్టర్ రెండూ మీరే పెట్టేది) ఎఫ్ 6.3, కూర్చున్న పిట్టకి 1/500, ఐఎస్‌ఓ ఆటో, పై హద్దు 6400 పెట్టండి. గూడబాతు ఎగిరేటప్పుడు 1/1250, చిన్న పిట్టలకి 1/2000కి తగ్గొద్దు. ఫొటోలో గింజలు (నాయిజ్) పడతాయని భయపడకండి. గింజని సాఫ్ట్‌వేర్‌లో తగ్గించుకోవచ్చు, కదిలిపోయిన ఈకని తిరిగి తేలేం.

ఎగిరేవాటికి వన్ షాట్ పనికిరాదు. అది ఒకసారి ఫోకస్ పట్టి ఆగిపోతుంది, పిట్ట ఆగదు. ఏఐ సర్వో పెట్టండి, అది కదిలే పిట్ట వెంట ఫోకస్ మారుస్తూనే ఉంటుంది. తొమ్మిది పాయింట్లూ ఆటోలో ఉంటే కెమెరా దగ్గరున్న దాన్ని పట్టుకుంటుంది, కోరంగిలో అది ఎప్పుడూ మడ కొమ్మే. మధ్య పాయింట్ ఒక్కటే ఎంచుకోండి. ఈ బాడీలో క్రాస్ టైప్ (నిలువు, అడ్డం గీతలు రెండిటినీ పట్టే) పాయింట్ అదొక్కటే. ఖాళీ ఆకాశం వెనకుంటే మాత్రం తొమ్మిదీ వాడొచ్చు.

ఫోకస్‌ని షట్టర్ నుంచి విడదీస్తే ఇంకా సుఖం. కస్టమ్ ఫంక్షన్లలో షట్టర్, ఏఈ లాక్ బటన్ అని ఉంటుంది, అందులో ఆఖరి ఆప్షన్ పెడితే నక్షత్రం గుర్తు బటన్ ఫోకస్ చేస్తుంది, షట్టర్ ఫొటో మాత్రమే తీస్తుంది. బొటనవేలు నొక్కి పట్టుకుంటే సర్వో, వదిలేస్తే ఫోకస్ అక్కడే నిలిచిపోతుంది. మోడ్ మార్చే పని లేదు.

యూవీ ఫిల్టర్ తీసి ఒక పూట తీసి చూడండి. చవక ఫిల్టర్ 18 ఎంఎంలో పట్టుబడదు, 250లో పట్టుబడుతుంది. గాజు ఏమాత్రం సమతలంగా లేకపోయినా టెలీ దాన్ని పెద్దది చేసి చూపిస్తుంది. దెబ్బ తగలకుండా ఉండాలంటే హుడ్ చాలు.

లెక్కలమాస్టారు:

పైన చెప్పినవన్నీ చేశాక కూడా లెన్స్ అవసరం తేలుతుందా లేదా అన్నది అంచనా కాదు, లెక్క. పిట్ట పొడవుని ఫోకల్ లెంగ్త్‌తో (లెన్స్ మీది 250, 400 లాంటి అంకె) గుణించి దూరంతో భాగిస్తే సెన్సర్ మీద ఎన్ని మిల్లీమీటర్లు పడుతుందో వస్తుంది. అన్నీ మిల్లీమీటర్లలోనే తీసుకోండి. మీ సెన్సర్ వెడల్పు 22.3 ఎంఎం, పిక్సెళ్లు 6000. అంటే మిల్లీమీటరుకి దాదాపు 269.

చిన్న నీలి లకుముకి 16 సెంటీమీటర్లు. 15 మీటర్ల దూరంలో ఉంటే 250కి 720 పిక్సెళ్లు, 400కి 1150, 600కి 1720. ఎనిమిది బై పన్నెండు అంగుళాల ప్రింట్‌కి ఫొటో మొత్తం 3000 పిక్సెళ్లు ఉంటే చాలు, అందులో పిట్ట మూడోవంతు ఉండాలంటే 1000. అంటే ఆ దూరంలో 250 చాలదు, 400 చాలు.

కానీ అదే 250తో ఏడున్నర మీటర్లకి చేరితే 1430 వస్తుంది. 400కి డబ్బు పెట్టినదానికంటే ఎక్కువ. కోరంగిలో నడక దారి చెక్కది, మీరు కదిలితే పిట్ట లేస్తుంది గానీ మీరు ఒకచోట ఇరవై నిమిషాలు కూర్చుంటే అదే తిరిగి అలవాటైన కొమ్మకి వస్తుంది. లకుముకికి ఆ అలవాటు గట్టిది. పైగా ఆ చెక్క దారి మీద ఎవరు నడిచినా ఊగుతుంది, కాబట్టి అక్కడ ట్రైపాడ్ పెట్టుకుంటే నష్టమే.

ఉప్పలపాడు లెక్క వేరు. అక్కడ చెరువులో చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతు 130 సెంటీమీటర్ల పిట్ట. 30 మీటర్లలో ఉన్నా మీ 250కే 2900 పిక్సెళ్లు, దాదాపు సగం ఫ్రేము. ఎర్రకాళ్ల కొంగలూ పెద్ద పిట్టలే. అక్కడికి 600 తీసుకెళ్తే రెక్క విప్పకముందే ఫ్రేము దాటిపోతుంది. ఉప్పలపాడులో ఫొటోలు బాగా రాకపోతే అది షట్టర్, ఫోకస్ సంగతే. కొత్త లెన్స్ తెచ్చినా అదే తప్పు ఇంకా పెద్దగా కనిపిస్తుంది.

పులికాట్‌లో 200 మీటర్ల అవతలి రాజహంస 600తో కూడా 1050 పిక్సెళ్లే. అయినా ప్రింటుకి చాలు కదా అనుకుంటాం. కరిగిపోవడానికి కారణం గాలి. ఎండెక్కాక నేల, నీళ్ల మీద వేడి గాలి పొరలు పొరలుగా లేస్తూ కాంతిని అటూ ఇటూ వంచుతుంది. లెన్స్ పెద్దదైతే ఆ వంకరలు కూడా పెద్దవవుతాయి. గుర్తుపట్టడం తేలిక: వరసగా పది ఫ్రేములు తీయండి. పదీ ఒకేలా మెత్తగా ఉంటే ఫోకస్ తప్పు. ఒక్కో ఫ్రేములో ఒక్కోచోట అలుక్కుపోయి, కాళ్లు వంకర్లు పోతే అది ఎండమావి పని. దానికి మందు తెల్లవారుజామే. సూర్యుడు లేచిన గంట, గంటన్నర తర్వాత దూరపు పిట్టలు వదిలేసి 40 మీటర్ల లోపువి చూసుకోవాలి.

ఏసీ కారులోంచి అద్దం దించి తీస్తే ఇదే రోగం ఇంకో రూపంలో వస్తుంది. చల్లగాలి, వేడిగాలి అద్దం దగ్గర కలుస్తాయి, ఐదు మీటర్ల దూరంలో ఉన్నదీ మెత్తబడుతుంది. ఏసీ ముందే ఆపి అన్ని అద్దాలూ దించండి.

లకుముకి77:

మాస్టారి లెక్క ప్రకారం మీకు కావలసింది 400. ఇక ఏ 400 అన్నదే ప్రశ్న.

400 ఎఫ్ 5.6 ఎల్ 1993 నాటి లెన్స్, 1250 గ్రాములు. ఎఫ్ 5.6లోనే పూర్తి షార్ప్, ఆటోఫోకస్ వేగం ఈ ధరలో దేనికీ లేదు. పక్కన 3.5 మీటర్ల నుంచి, 8.5 మీటర్ల నుంచి అని స్విచ్ ఉంటుంది, ఎగిరే పిట్టలకి రెండోది పెడితే ఫోకస్ దగ్గరికి పరిగెత్తి సమయం వృథా చేయదు. హుడ్ లెన్స్‌తోనే ఉంటుంది, లాగితే వస్తుంది. లోటు ఒకటే, స్టెబిలైజర్ లేదు. క్రాప్ సెన్సర్ (మీ బాడీలో ఉన్నట్టు, ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్నది) మీద చేత్తో పట్టుకుంటే 1/800 కింద నమ్మకం లేదు. ఆటపాకలో పడవ మీంచి, ఆకాశంలో ఎగిరేవాటికి ఇది అడ్డం కాదు, ఎలాగూ 1/1250 కావాలి. కోరంగి నీడలోనే దెబ్బ. స్టెబిలైజర్ ఉంటే కూర్చున్న పిట్టని 1/200తో ఐఎస్‌ఓ 1600లో తీయగలిగే చోట దీంతో 1/800, ఐఎస్‌ఓ 6400. మీ సెన్సర్‌కి ఆ తేడా చిన్నది కాదు.

పాత 100-400 ఎల్ 1998ది. జూమ్ తిప్పడం ఉండదు, ముందుకీ వెనక్కీ లాగాలి. స్టెబిలైజర్ ఉంది కానీ ఆ కాలపుది, రెండు స్టాపులు (షట్టర్ నాలుగు రెట్లు నెమ్మదిగా పెట్టుకోవచ్చు). కనీస ఫోకస్ దూరం 1.8 మీటర్లు, సీతాకోకచిలుకలకీ పనికొస్తుంది. లాగి నెట్టే లెన్స్ కాబట్టి గాలి, దాంతో దుమ్మూ తేమా లోపలికి పోతాయి. తీరప్రాంతంలో పాతికేళ్లు తిరిగిన కాపీ అయితే లోపల ఏముందో చూడకుండా ముట్టుకోవద్దు.

సిగ్మా 150-600 కాంటెంపరరీ 1930 గ్రాములు. కొత్తది మీ బడ్జెట్ దాటుతుంది, వాడినదే చూడాలి. 500 వరకు బాగుంటుంది, 600లో ఎఫ్ 6.3 దగ్గర కొంచెం మెత్తన, ఎఫ్ 8కి బిగుస్తుంది. బాడీ ఎఫ్ 5.6 వరకే అన్నారు కదా, మరి ఎఫ్ 6.3 ఎలా పనిచేస్తుందని అడగొచ్చు. లెన్స్ తనది 5.6 అని కెమెరాకి చెబుతుంది. వెలుగులో ఏ తేడా తెలియదు, సంజె వెలుగులో మాత్రం ఫోకస్ దొరక్క ముందుకీ వెనక్కీ తడుముకుంటుంది. టామ్రాన్ 150-600 జీ2 కూడా ఇదే కోవ, 2010 గ్రాములు. దాని కాలు (ట్రైపాడ్‌కి బిగించే భాగం) నేరుగా ట్రైపాడ్ తల మీది ఆర్కా క్లాంపులో కూర్చుంటుంది, సిగ్మా కాంటెంపరరీకి విడిగా ప్లేటు కొనాలి.

మీ బాడీ 450 గ్రాములు. రెండు కిలోల లెన్స్ తగిలించాక ఎత్తాల్సింది లెన్స్ కాలు పట్టుకుని, కెమెరా గ్రిప్ పట్టుకుని కాదు. పట్టీ కూడా ఆ కాలికే కట్టండి. బాడీ మెడలో వేసుకుని లెన్స్ వేలాడదీస్తే మౌంట్ మీద బరువు పడుతుంది.

నా ఓటు: ఎగిరేవి ఎక్కువైతే 400 ప్రైమ్, కోరంగి ఎక్కువైతే 150-600.

ఎఫ్‌ఎనిమిది:

ఇంత చర్చ దేనికండీ, డీఎస్‌ఎల్‌ఆర్ దారి మూసుకుపోతోంది. బాడీ, లెన్సులు అమ్మేసి ఆ 60 వేలు కలిపి కెనాన్ ఆర్10 మిర్రర్‌లెస్ తీసుకోండి. పిట్ట కన్నుని అదే వెతికి పట్టుకుంటుంది. సెకనుకి మెకానికల్ షట్టర్‌తో 15 ఫ్రేములు, మీ 200డి 2కి 5. పైగా మీది ర్యాలో (కెమెరా దిద్దని ముడి ఫైలు) పది ఫ్రేములకే ఊపిరాడక ఆగిపోతుంది. తర్వాత ఆర్‌ఎఫ్ 100-400, 635 గ్రాములే. రోజంతా మెడ నొప్పి లేకుండా తిరగొచ్చు.

పాతగాజు:

ఆర్10 ఆటోఫోకస్ గురించి మీరన్నది నిజం, వాదన లేదు. కానీ ఆ లెన్స్ 400 దగ్గర ఎఫ్ 8. కోరంగి నీడలో ఎఫ్ 5.6కి ఐఎస్‌ఓ 3200 అయ్యే చోట 6400. పైగా బడ్జెట్‌లో బాడీ వస్తుంది, లెన్స్ రాదు, మళ్లీ చిన్న కిట్ లెన్స్‌తో పిట్టల ముందు నిలబడాలి. ఆయన ఇప్పుడు ఈఎఫ్ 400 కొంటే రేపు ఆర్10కి అడాప్టర్‌తో అదే లెన్స్ పనిచేస్తుంది. కెనాన్ అడాప్టర్‌లో గాజు లేదు, ఖాళీ గొట్టం, విద్యుత్ కాంటాక్టులు మాత్రమే. నాణ్యత తగ్గదు. ముందు లెన్స్, తర్వాత బాడీ అన్న వరసకి ఇదే కారణం.

ఇంకోటి. ఎలక్ట్రానిక్ షట్టర్‌తో సెకనుకి 23 అని ప్రకటనలో చూసి ఎగిరే పిట్టకి వాడితే రెక్కలు వంగిపోయి వస్తాయి. సెన్సర్ పైనుంచి కిందికి చదివేలోపు రెక్క జరిగిపోతుంది.

మడఅడవి:

చాలా థ్యాంక్స్ అందరికీ. ఈ ఆదివారం కోరంగిలో ఫిల్టర్ తీసేసి, ఎం మోడ్, 1/500, మధ్య పాయింట్ పెట్టి తీశాను. తేడా బాగా ఉంది. కానీ ఒక అనుమానం. దగ్గర కొమ్మ మీద కదలకుండా కూర్చున్న పిట్టకి కూడా కన్ను కాక దాని వెనకున్న తోక షార్ప్‌గా వస్తోంది, అదీ ప్రతిసారీ. ఇది లెన్స్ లోపమా?

సెకండ్ హ్యాండ్ అయితే 400 ప్రైమ్ ఒకటి, సిగ్మా ఒకటి అమ్మకానికి కనిపించాయి. చూడ్డానికి వెళ్తే ఏమేం పరీక్షించాలి? కాకినాడ గాలికి ఫంగస్ రాకుండా ఏం చేయాలి?

లెక్కలమాస్టారు:

ప్రతిసారీ వెనక్కే పడుతోందంటే బ్యాక్ ఫోకస్. తేల్చుకోవడానికి ఒక న్యూస్‌పేపర్ని గోడకి 45 డిగ్రీలు ఏటవాలుగా ఆనించి, ఒక హెడింగ్ కింద పెన్నుతో గీత గీయండి. కెమెరా కదలకుండా బల్ల మీద పెట్టి 250 ఎంఎంలో, ఎఫ్ 5.6, 4 మీటర్ల నుంచి ఆ గీత మీద వ్యూఫైండర్‌తో ఫోకస్ చేసి ఐదు ఫొటోలు, ప్రతిసారీ ముందు ఫోకస్ చెడగొట్టి మళ్లీ పట్టించి. తర్వాత లైవ్ వ్యూలో ఐదు. లైవ్ వ్యూలో ఫోకస్ సెన్సర్ మీదే జరుగుతుంది, అద్దం కింది విడి మాడ్యూల్‌తో పనిలేదు. లైవ్ వ్యూవి గీత మీద, వ్యూఫైండర్‌వి వెనక పడితే బాడీకీ లెన్స్‌కీ పొంతన కుదరలేదన్నమాట.

200డి 2లో దీన్ని సరిచేసే మెనూ లేదు. కెనాన్ లెన్స్ అయితే బాడీతో కలిపి సర్వీస్ సెంటర్లో ఇవ్వాలి. సిగ్మాకి యూఎస్‌బీ డాక్, టామ్రాన్‌కి ట్యాప్ ఇన్ కన్సోల్ ఉన్నాయి, ఇంట్లోనే కంప్యూటర్‌కి పెట్టి లెన్స్‌లోనే దిద్దుకోవచ్చు. సిగ్మాలో నాలుగు ఫోకల్ లెంగ్తులు, ఒక్కోదానికి నాలుగు దూరాలు, మొత్తం 16 విలువలు. ఓపిక కావాలి. మీ బాడీకి ఇది సిగ్మా వైపు మొగ్గే పెద్ద కారణం, పైన ఎవరూ చెప్పలేదు.

పాతగాజు:

అమ్మేవాళ్ల దగ్గరికి వెళ్లేటప్పుడు మీ బాడీ, నిండా చార్జ్ చేసిన బ్యాటరీ, ఖాళీ కార్డు, టార్చి, ఒక న్యూస్‌పేపరు, టేపు పట్టుకెళ్లండి. పగలే వెళ్లండి.

ముందు గాజు. రెండు మూతలూ తీసి, వెనక నుంచి టార్చి వేస్తూ ముందు నుంచి ఏటవాలుగా చూడండి. తర్వాత అటుది ఇటు. దుమ్ము రేణువులు ఉంటాయి, ఫొటోలో కనిపించవు, వాటి గురించి బేరమాడొచ్చు అంతే. చెట్టు వేర్లలా, సాలెగూడులా పాకిన తెల్లటి దారాలు ఫంగస్. పొగ పట్టినట్టు మొత్తం మసకగా ఉంటే హేజ్, వెలుగుకి ఎదురుగా తీస్తే కాంట్రాస్ట్ చచ్చిపోతుంది. రెండూ ఉంటే ఎంత తగ్గించినా వద్దు. అంచున చిన్న మచ్చే కదా, క్లీన్ చేయిస్తానంటారు. కోటింగ్ తినేశాక క్లీన్ చేసినా ముద్ర పోదు.

స్క్రూల తలలు చూడండి. మౌంట్ చుట్టూ ఉన్న స్క్రూల గాట్లు నలిగి ఉంటే ఎవరో విప్పారు. ఎందుకు విప్పారో బిల్లు చూపించమనండి.

తర్వాత కెమెరాకి తగిలించి దగ్గర నుంచి అనంతం దాకా నాలుగైదు సార్లు ఫోకస్ చేయించండి. మధ్యలో ఆగడం, కీచుమనడం మోటారు అలసటకి గుర్తు. స్టెబిలైజర్ ఉన్న లెన్స్ అయితే పూర్తి జూమ్‌లో షట్టర్ సగం నొక్కండి. బొమ్మ ఒక్క క్షణంలో నిలబడాలి. వదలగానే ఎగిరి పడితేనో, గరగరమంటేనో అనుమానించండి.

ఎపర్చర్‌కి: ఏవీ మోడ్, ఐఎస్‌ఓ ఫిక్స్, ఒకే తెల్ల గోడని ఎఫ్ 6.3, 8, 11, 16లో తీయండి. నాలుగూ ఒకే వెలుగులో రావాలి. చిన్న ఎపర్చర్‌కి పోయేకొద్దీ తెల్లబారుతుంటే రేకులు మూసుకోవడం లేదు, నూనె పట్టిందో తీగ తెగిందో.

ఆఖరిది, చాలామంది వదిలేసేది. పేపర్‌ని గోడకి నిటారుగా అంటించి, లెన్స్‌ని సరిగ్గా దానికి ఎదురుగా పెట్టి, పూర్తిగా తెరిచి తీయండి. కుడి మూల అక్షరాలు చదవగలిగి ఎడమ మూలవి మసకబారితే లోపల ఒక గాజు పక్కకి ఒరిగింది. లెన్స్ ఎప్పుడో కింద పడి ఉంటుంది. బయట గీత కూడా ఉండకపోవచ్చు.

ఫొటోలన్నీ ఇంటికి తెచ్చుకుని పెద్ద తెర మీద చూసి, మర్నాడు డబ్బివ్వండి. ఈరోజే కొనకపోతే వేరేవాళ్లకి ఇచ్చేస్తానంటే ఇచ్చేయనివ్వండి. బిల్లు మీది సీరియల్ నంబరు, లెన్స్ మీదిది ఒకటేనా అన్నది ఇంటికెళ్లి చూసేది కాదు, అక్కడే చూడాలి.

గోదారిగట్టు:

ఫంగస్ సంగతి నేను చెప్తా. గాలిలో తేమ 60-65 శాతం దాటి రోజుల తరబడి ఉంటే బూజు మొదలవుతుంది. తీరంలో అది ఏడాదిలో ఎక్కువ రోజులు. మీరు చేరాల్సింది 40-50 శాతం. 30 కంటే తగ్గినా మంచిది కాదు, లోపలి గ్రీజు, రబ్బరు ఎండిపోతాయి.

కంపెనీ ఇచ్చిన తోలు సంచి, బీరువాలో బట్టల మధ్య, రెండూ ఫంగస్‌కి పెంపకపు గదులు. మూతకి రబ్బరు రింగున్న 12 లీటర్ల ప్లాస్టిక్ డబ్బా, అందులో 200 గ్రాముల సిలికా జెల్, ఒక చిన్న తేమ మీటరు, ఇంతే ఖర్చు. నారింజ రంగు జెల్ తీసుకోండి, తేమ పీల్చాక ఆకుపచ్చకి తిరుగుతుంది. నీలంది గులాబీకి మారేది ఉంది కదా, దానిలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, విషం. దాన్ని వంట మూకుడులో వేయించే అలవాటు మానండి. నారింజది కూడా వంటకి వాడని ట్రేలో 110-120 డిగ్రీల దగ్గర గంటన్నర ఉంచితే మళ్లీ పనికొస్తుంది. మరీ ఎక్కువ వేడికి రంగు మాడిపోతుంది, ఎప్పుడు నిండిందో తెలియదు.

చవక మీటర్లు పది శాతం అటూ ఇటూ చెబుతాయి. సీసా మూతలో ఉప్పు పోసి నాలుగు చుక్కల నీళ్లతో ముద్దలా తడిపి, మీటరుతో కలిపి జిప్ సంచిలో రాత్రంతా ఉంచండి. పొద్దున 75 చూపించాలి. 68 చూపిస్తే మీ మీటరు ఏడు తక్కువ చెబుతోందన్నమాట, అది గుర్తుపెట్టుకోండి.

కలరా ఉండలు, కర్పూరం లెన్స్ దగ్గర పెట్టొద్దు, వాటి ఆవిరి గాజు మీద పొరలా దిగుతుంది. బియ్యం డబ్బా చిట్కా కూడా వద్దు, పీల్చేది కొంచెం, దుమ్ము బోలెడు. తడిసిన సంచితో సహా లెన్స్‌ని డబ్బాలో పెట్టేవాళ్లూ ఉన్నారు. సంచి బయటే ఆరాలి. కోరంగి నుంచి వచ్చిన రోజు బాడీ, లెన్స్ పొడిగుడ్డతో తుడిచి, ఫ్యాను కింద గంట ఉంచి, ఆ తర్వాతే లోపల పెట్టండి. ఉప్పు గాలి కదా, మౌంట్ దగ్గరి మెటల్‌ని ముందు తుడవండి.

కొత్తగా కొన్న పాత లెన్స్‌ని నెల రోజులు వేరే డబ్బాలో ఉంచి, మళ్లీ టార్చి వేసి చూశాకే మిగతావాటితో కలపండి.

లకుముకి77:

ట్రైపాడ్ ప్రశ్న మిగిలిపోయింది. ఇప్పుడు కొనొద్దు. కోరంగి చెక్క దారి సంగతి పైన చెప్పారు, ఆటపాక పడవలో ఇంజిన్ వణుకు కాళ్లలోంచి నేరుగా లెన్స్‌కి ఎక్కుతుంది. పడవలో చేత్తోనే, మోచేతులు పడవ అంచుకి ఆనించకుండా పొట్టకి ఆనించుకోండి. ఉప్పలపాడు గట్టు మీద సిగ్మా అయితే మోనోపాడ్ చాలు. కారులోంచి తీసేటప్పుడు పాత జీన్స్ కాలు కోసి రెండు వైపులా కుట్టి రెండు కిలోల బియ్యం పోసి అద్దం మీద వేయండి, అదే బీన్‌బ్యాగ్. ఇంజిన్ ఆపాలి.

ఫ్లాష్ కొందామనుకుంటుంటే ఒక మాట. 200డి 2 హాట్ షూలో మధ్య కాంటాక్టు లేదు. మధ్య పిన్ను మీదే ఆధారపడే చవక ఫ్లాష్‌లు, ట్రిగ్గర్లు వెలగవు. కెనాన్ కాంటాక్టులతో మాట్లాడేదేనా అని అడిగి కొనండి. గూళ్ల దగ్గర ఎలాగూ ఫ్లాష్ వద్దు. మెమరీ కార్డు కూడా యూహెచ్‌ఎస్ 1 చాలు, యూహెచ్‌ఎస్ 2 కార్డుని ఈ బాడీ ఆ వేగంతో చదవలేదు.

మడఅడవి:

పేపర్ పరీక్ష చేశాను. లైవ్ వ్యూ ఐదూ గీత మీదే, వ్యూఫైండర్ ఐదూ వేలెడు వెనక. 18-55తో కూడా కొంచెం వెనకే పడుతోంది. అంటే బాడీదేనా? అలాగైతే 400 ప్రైమ్ కొన్నా ఇదే కదా?

లెక్కలమాస్టారు:

రెండు లెన్సులూ ఒకే వైపు తప్పుతున్నాయంటే బాడీ మాడ్యూల్‌దే. అవును, 400 ప్రైమ్‌కీ అదే జరుగుతుంది. 15 మీటర్లలో 400, ఎఫ్ 5.6కి క్రాప్ సెన్సర్ మీద స్పష్టంగా ఉండే లోతు 30 సెంటీమీటర్లు కూడా ఉండదు, క్రాప్ చేసి చూస్తే ఇంకా తక్కువ. అందులో తప్పుకి చోటు లేదు. బాడీని సర్వీస్‌లో ముందు ఫోకస్ సరిచేయించండి, రెండు లెన్సులూ కలిపి ఇవ్వండి, లైవ్ వ్యూ, వ్యూఫైండర్ ఫొటోలు కార్డులో పెట్టి ఇస్తే వాళ్లకి వివరించే పని తప్పుతుంది. వచ్చాక ఇదే పేపర్ పరీక్ష మళ్లీ చేయండి.

ఆ తర్వాత ఒక శని, ఆదివారం సిగ్మా 150-600 అద్దెకి తీసుకోండి. డిపాజిట్, గుర్తింపు కార్డు అడుగుతారు. తీసుకునేటప్పుడే వాళ్ల ముందు టార్చి వేసి చూసి, ఉన్న గీతలని ఫొటో తీసి పెట్టుకోండి. కోరంగి ఒక రోజు, ఆటపాక ఒక రోజు. ఇంటికొచ్చాక ఉంచుకున్న ఫొటోలలో ఫోకల్ లెంగ్త్ వివరం చూడండి. ఎక్కువ 350-450 మధ్య ఉండి, షట్టర్ 1/800 పైన ఉంటే 400 ప్రైమ్. 500-600లో, 1/320 దగ్గర ఉంటే సిగ్మా. రెండో రోజు మధ్యాహ్నానికి చేయి నొప్పి పుట్టి సంచిలోనే ఉండిపోయిందా అన్నది కూడా రాసుకోండి.